బలి, ప్రాయశ్చిత్తము, విమోచనము
తెలుగు బైబిలు పదములలో యూద, క్రైస్తవ భావముల తారతమ్యము

ఉక్కునగరమున నివసించువారికి 'త్యాగము', 'బలిదానము' అను మాటలు గ్రంథములనుండి నేర్చుకొనవలసినవి కావు. విశాఖ ఉక్కు కర్మాగారమునకై 1966లో ఆంధ్రదేశమున సాగిన ఉద్యమమున 32 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ మరణములను మన పత్రికలును సభావేదికలును 'బలిదానము' అనియే పేర్కొనుచు వచ్చినవి. 1971లో శంకుస్థాపన జరిగిన ఆ కర్మాగారమునకు భూములు విడిచిన పల్లెలవారిని గూర్చి చెప్పునపుడు 'త్యాగము' అను మాట వాడుదురు. పలువురి మేలుకొరకు కొందరు తమ ప్రాణమునో సొత్తునో కోల్పోవుట అను భావము ఈ వాడుకలో ఇమిడియున్నది. కోల్పోయినవాడు తానై ఇచ్చెనా, లేక అతనినుండి తీసికొనబడెనా అను ప్రశ్నకు మాత్రము ఈ మాటలలో తావు లేదు.

'బలి' శబ్దమునకు ఈ అర్థము తెలుగున మొదటినుండి ఉన్నది కాదు. సంస్కృతమున బలి యనగా దేవతలకును భూతములకును ఇచ్చు ఆహారభాగము. రాజునకు చెల్లించు పన్ను కూడ. గృహస్థుడు నిత్యము చేయు భూతబలి అన్నపు మెతుకులతో నెరవేరును. మన దేవాలయములలో ధ్వజస్తంభము చెంతనుండు బలిపీఠముపై రక్తము చిందదు. అచట ఉంచునది అన్నమే. గ్రామదేవతల జాతరలలో మేకను, కోడిని, ఒకప్పుడు దున్నపోతును వధించుటకు ఇదే పేరు వచ్చినది. ఒక వ్యక్తి ఇతరులకొరకు ప్రాణము నిచ్చుట యను ఆధునికార్థము స్థిరపడుటకు కారణములు పెక్కు గలవు. వానిలో క్రైస్తవ సాహిత్యమొకటియని మేము తలచుచున్నాము. ఈ అర్థమును మనసున నుంచుకొని యూదుల ధర్మశాస్త్రమును చదివినచో పొరబాటు పడుట సులభము. ఆ పొరబాటు ఎట్టిదో, దానివలన ఏమి నష్టమో ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

1. విశాఖపట్టణమున అనువాద కార్యము

బైబిలును తెలుగుచేయు యత్నము 18వ శతాబ్దిలోనే మొదలైనది. మద్రాసునందుండిన బెంజమిన్ షుల్జ్ బైబిలును తెనిగించెను గాని అది అచ్చునకు నోచుకొనలేదు. అతని చిన్న పుస్తకములు కొన్ని మాత్రము జర్మనీ దేశమున హాలే నగరమునందు 1740ల దశకమున ముద్రితములైనవి. వానిలో ఒకదాని పేర 'మోక్షము' అను మాట యుండుట గమనింపదగినది.

విశాఖపట్టణమున ఈ కార్యము 1805లో ఆరంభమైనది. ఆ యేట లండన్ మిషనరీ సొసైటీ పక్షమున జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇచటికి వచ్చి తెలుగు నేర్చి సువార్తల అనువాదమునకు పూనుకొనిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడ్పడెను. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారు సిద్ధపరచిన సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయ్యెను. తరువాత ఎడ్వర్డ్ ప్రిచెట్ క్రొత్తనిబంధనను, మరికొంత కాలమునకు జాన్ హే, జేమ్స్ గోర్డన్ మొదలగువారు పాతనిబంధనను పరిష్కరించు పనిని ఈ నగరముననే సాగించిరి. నేడు సంఘములలో చదువబడు పాఠము ఇట్టి పలు సంస్కరణల ఫలము. కనుక ఏ పదమును ఎవరు మొదట నిలిపిరో నిర్ణయింపబూనక, స్థిరపడిన పదములనే ప్రమాణముగా గైకొందుము.

ఆ పదముల కూర్పు పరికింపదగినది. అగ్నికి సంబంధించిన చోట వైదిక యజ్ఞమునుండి 'హోమము', 'యాజకుడు' అను మాటలు వచ్చినవి. ధాన్యార్పణమునకు దేవాలయమునుండి 'నైవేద్యము' వచ్చినది. పాపక్షమ చెప్పవలసిన చోట ధర్మశాస్త్రమునుండి 'ప్రాయశ్చిత్తము' వచ్చినది. 'బలి' గృహమునందును, ఆలయమునందును, ఊరి పొలిమేరయందును వినబడు మాట. ఈ విధముగ మూడు నాలుగు తావులనుండి వచ్చిన పదములు ఒక్క గ్రంథమున చేరి, తమతోబాటు తమ పాత అర్థములను కొంతకొంత తెచ్చినవి.

2. బలి

లేవీయకాండమున అర్పణములన్నిటికిని కలిపి వాడిన హీబ్రూ పదము 'కొర్బాన్'. దాని ధాతువునకు 'సమీపించుట' అని యర్థము. దేవుని సన్నిధికి చేర్చునది కొర్బాన్. తెలుగు బైబిలున ఈ కాండపు ఆరంభమున దీనికి 'బలి' అని యున్నది. అదే పదము మార్కు సువార్త 7వ అధ్యాయమున 'కొర్బాను' అని యథాతథముగ వచ్చి, 'దైవార్పితము' అని వివరింపబడినది. ఈ రెండవ చోట నిలిచిన అర్థమే మూలమునకు దగ్గరగా నున్నది. ఒకే పదమునకు ఒకచోట వధయు, వేరొకచోట సమర్పణమును ప్రధానముగ తోచుట పాఠకుడు మరువరాదు.

కొర్బానులలో భేదములు గలవు. 'ఓలా' యనగా పైకెక్కునది. సంపూర్ణముగ అగ్నికి సమర్పింపబడును. దానిని మనవారు దహనబలి యనిరి. 'మిన్హా' ధాన్యార్పణము, అది నైవేద్యము. 'షెలామీమ్' సమాధానబలి, దానిలో కొంత అగ్నికి పోగా, యాజకుడును అర్పించినవాడును అతని యింటివారును మిగిలినది భుజింతురు. ఈ మూడింటికిని పాపముతో ముడి తప్పనిసరి కాదు. కృతజ్ఞత, మ్రొక్కుబడి, ఆనందము కూడ వానికి హేతువులే. పాపమునకు సంబంధించినవి 'హత్తాత్', 'ఆషామ్' అను రెండు. వీనిని తెలుగున పాపపరిహారార్థబలి, అపరాధపరిహారార్థబలి యందురు.

హత్తాత్ విషయమున ఒక చిక్కు గలదు. లేవీయకాండము 12వ అధ్యాయమున ప్రసవించిన స్త్రీ శుద్ధిదినములు గడచిన పిదప దీనిని అర్పింపవలెను. సంఖ్యాకాండము 6వ అధ్యాయమున మ్రొక్కుబడి ముగించుకొన్న నాజీరు కూడ దీనిని అర్పింపవలెను. బిడ్డను కనుట పాపము కాదు. మ్రొక్కు చెల్లించుట అంతకంటె కాదు. అందుచే ఇది ముఖ్యముగ శుద్ధిని కలిగించు అర్పణమనియు, అశుచివలన మాలిన్యము సోకిన పవిత్రస్థలమును ఇది శుభ్రపరచుననియు జేకబ్ మిల్గ్రోమ్ 1991లో వెలువడిన తన లేవీయకాండ వ్యాఖ్యయందు వాదించెను. తెలుగు పాఠకునకు ఈ భావము కొత్తది కాదు. పురిటి మైల పాపము కాదని, దానికి శుద్ధి యుండునని మన పల్లెలో ప్రతి యిల్లాలికిని తెలియును. అయినను తెలుగు బైబిలున ఆ బాలింత అర్పించునది పాపపరిహారార్థబలియే. సువార్తికుడు లూకా వ్రాసినట్లు యేసు తల్లియైన మరియకూడ ఈ విధి ననుసరించి పక్షుల జతతో ఆలయమునకు వచ్చెను. తెలుగు పదమునే నమ్ముకొన్నవానికి ఆమె ఏ పాపమునకై వచ్చెనను సందేహము కలుగును. మూలమున ఆ సందేహమునకు తావు లేదు.

ఇంకను మూడు విషయములు చెప్పవలసియున్నవి. మొదటిది, బీదవాడు పక్షులనైనను తేలేనిచో కొంచెము గోధుమపిండి తెచ్చి హత్తాత్‌గా అర్పింపవచ్చునని లేవీయకాండము 5వ అధ్యాయము విధించుచున్నది. అనగా రక్తము లేకయే క్షమ లభించు సందర్భము ధర్మశాస్త్రముననే కలదు. రెండవది, సంఖ్యాకాండము 15వ అధ్యాయము ప్రకారము ఈ బలులు తెలియక చేసిన తప్పులకే. చేయెత్తి తెగించి చేసిన పాపమునకు అచట బలి చెప్పబడలేదు. మూడవది, పొరుగువానిని మోసగించినవాడు మొదట సొమ్మును, దానిపై అయిదవ వంతును చెల్లించి, అటుపిమ్మటనే అపరాధబలి తేవలెను. ఎంతటి పాపమైనను జంతురక్తమున కడిగివేయు యంత్రమువంటిది యూదుల బలివిధియను తలంపు ఈ మూడు విధుల యెదుట నిలువదు.

అబ్రాహాము కథయందును ఇట్టి భేదమే కనబడును. ఆదికాండము 22వ అధ్యాయపు వృత్తాంతమును క్రైస్తవ పాఠకులు 'ఇస్సాకు బలి' యని వ్యవహరింతురు. యూదులు దానిని 'అకేదా', అనగా బంధనము, అందురు. కుమారుడు కట్టబడెను గాని వధింపబడలేదు, కత్తి ఆగిపోయెను. ఒకరికి ఆ కథ కల్వరిమీద జరుగబోవు దానికి పూర్వచ్ఛాయ; మరియొకరికి తండ్రీకొడుకుల విధేయతకును, దేవుడు నరబలిని నిలిపివేయుటకును సాక్ష్యము.

3. ప్రాయశ్చిత్తము

హీబ్రూ 'కిప్పేర్' అను క్రియకు కప్పుట, తుడుచుట, క్రయమిచ్చి విడిపించుట అను అర్థములను పండితులు చర్చించుచున్నారు. దానికి తెలుగున 'ప్రాయశ్చిత్తము' స్థిరపడినది. ఈ పదము మనకు ధర్మశాస్త్రములనుండి వచ్చినది. యాజ్ఞవల్క్యస్మృతిలో ఆచార, వ్యవహారముల తరువాతి అధ్యాయము ప్రాయశ్చిత్తము. దాని వ్యాఖ్యయైన మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన 'విజ్ఞానేశ్వరీయము' అను పేర తెలుగులోనికి తెచ్చెను. ఈ సంప్రదాయమున ప్రాయశ్చిత్తము చేయువాడు పాపము చేసినవాడే. కృచ్ఛ్రము, చాంద్రాయణము, దానము, జపము అన్నియు అతడే నిర్వహింపవలెను. అతనికి మారుగా వేరొకడు ప్రాణము విడుచుట ఆ పదమున స్ఫురింపదు.

లేవీయకాండము 16వ అధ్యాయమున వర్ణింపబడిన ప్రాయశ్చిత్తార్థ దినము యూదుల సంవత్సరమున పరమ పవిత్రమైనది. ఆనాడు రెండు మేకపిల్లలకు చీట్లు వేయుదురు. ఒకటి వధింపబడును, ప్రధానయాజకుడు దాని రక్తమును అతిపరిశుద్ధ స్థలమున కరుణాపీఠముపై ప్రోక్షించును. రెండవదాని తలపై చేతులుంచి ప్రజల దోషములన్నిటిని ఒప్పుకొని, దానిని ప్రాణముతో అరణ్యమునకు పంపివేయుదురు. ఇచట విస్మరింపరాని అంశమేమనగా పాపములు మోయు మేక చంపబడదు. చంపబడు మేక పాపములను మోయదు. ఒకటి స్థలమును శుద్ధిచేయును. ఇంకొకటి దోషమును దూరము చేయును.

క్రైస్తవ విశ్వాసము ఈ రెంటిని ఒక్క వ్యక్తియందు కలిపినది. హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో యేసు ప్రధానయాజకుడు, బలిపశువు కూడ తానే. ఏటేట జరిగిన ప్రవేశము ఒక్కసారిగా, శాశ్వతముగా జరిగినదని ఆ పత్రిక వాదము. అంతేకాక పస్కా గొఱ్ఱెపిల్ల కూడ ఆయనయే యని పౌలు కొరింథీయులకు వ్రాసెను. నిర్గమకాండమున పస్కా పాపపరిహారబలి కాదు; దాస్యమునుండి వెడలు రాత్రి ఇంటింట భుజించిన భోజనము. సిలువ మరణము జరిగినది ప్రాయశ్చిత్తార్థ దినమున కాదు, పస్కా కాలమున. దీనివలన మేము గ్రహించునదేమనగా ఆదిమ క్రైస్తవులు మొదట ఆ మరణమును చూచినది విడుదలయను వెలుగులో. పాపపరిహారమను అర్థము దానితో పెనవేసికొన్నది. ఇదియొక కొత్త కల్పన. ఇది లేవీయకాండమున ఉన్నదున్నట్లు దొరకదు. దాని పదములతోనే నిర్మింపబడినది.

ఇచట మన అనువాదకుల నేర్పొకటి మెచ్చదగినది. మందసముపై మూతకు హీబ్రూలో 'కప్పోరెత్' అని పేరు. ప్రాచీన గ్రీకు అనువాదమున అది 'హిలస్తేరియోన్' అయినది. రోమీయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయమున పౌలు యేసును ఆ గ్రీకు పదముతోనే పేర్కొనెను. రాజు జేమ్సు కాలపు ఆంగ్లానువాదమున ఈ రెండు చోట్ల వేరువేరు మాటలుండుటచే ఆ బంధము తెగిపోయినది. తెలుగున ఒకచోట 'కరుణాపీఠము', వేరొకచోట 'కరుణాధారము' అని యుండుటచే 'కరుణ' యను దారము మిగిలినది. ఉగ్రదేవతను శాంతింపజేయుట అను భావము రానీయక దేవుని కరుణనే ముందుంచిన ఈ పదములు, తెలుగు క్రైస్తవుని గ్రామదేవతల బలినుండి వేరుచేసి నిలుపుచున్నవి.

4. విమోచనము

'విమోచనము' ముచ్ ధాతువునుండి వచ్చినది. మోక్షము, ముక్తి దాని తోబుట్టువులు. కట్టు విప్పుట యను భావమే ఇందు గలదు. వెల చెల్లించుట లేదు. హీబ్రూలో ఈ భావమునకు ముఖ్యముగ రెండు ధాతువులున్నవి. 'పాదా' వెలయిచ్చి విడిపించుట. 'గాఅల్' బంధుధర్మముచే విడిపించుట. అట్లు చేయువాడు 'గోయేల్'. బీదతనముచే అమ్ముకొన్న పొలమును, తన్ను తాను అమ్ముకొన్న మనిషిని విడిపింపవలసిన దగ్గరి జ్ఞాతి గోయేల్. రూతు గ్రంథమున బోయజు అట్టివాడు. తాకట్టునబడిన చెక్కను అన్నదమ్ములు కూడి విడిపించుకొనుట ఎరిగిన తెలుగు రైతునకు ఈ భావము వెంటనే బోధపడును. 'విమోచకుడు' అను సంస్కృతపదము గంభీరమైనదే గాని ఆ చుట్టరికమును చెప్పదు.

నిర్గమకాండమున దేవుడే ఇశ్రాయేలీయులకు గోయేల్. ఐగుప్తు దాస్యమునుండి ఒక జనాంగమంతయు విడిపింపబడెను; ఫరోకు వెల చెల్లింపబడలేదు. ఈ విమోచనము చరిత్రలో జరిగినది, సమష్టికి జరిగినది. యూదులు 'గెఉల్లా' యని ఎదురుచూచునదియు అట్టిదే. లోకమున కనబడు న్యాయము, చెదరినవారి కూడిక. లోకము ఇంకను మారలేదు గనుక విమోచనము ఇంకను రావలసియున్నదని వారి వాదము. క్రైస్తవుడు విమోచనము క్రీస్తునందు జరిగినదనియు, దాని సంపూర్తి రావలసియున్నదనియు చెప్పును. ఇరువురి మధ్య అసలు భేదము రక్తము వలననా, పశ్చాత్తాపము వలననా అనుదానియందుకంటె ఈ కాలనిర్ణయమునందే యున్నదని మాకు తోచుచున్నది.

మార్కు సువార్త 10వ అధ్యాయమున యేసు తన ప్రాణమును గూర్చి చెప్పిన మాటలో గ్రీకున 'లుత్రోన్' అను పదమున్నది. విమోచనమను మాట ఒక్కటే చాలదని గ్రహించి తెలుగువారు 'విమోచన క్రయధనము' అనిరి. క్రయధనమనగానే అది ఎవరికి చెల్లింపబడెనను ప్రశ్న పుట్టును. ఆదిమ సంఘమున కొందరు సాతానునకే యనిరి. 4వ శతాబ్దివాడైన నజియంజు గ్రెగొరీ సాతానునకు వెల యిచ్చుట దూష్యమనియు, తండ్రి దానిని కోరెననుటయు పొసగదనియు ఆక్షేపించెను. 11వ శతాబ్ది చివర అన్సెల్ము, మానవుడు దేవుని గౌరవమునకు చేసిన లోటును దేవమానవుడు పూరించెనను సిద్ధాంతమును నెలకొల్పెను. గోయేల్ భావమును తిరిగి తలంచినచో వేరొక మార్గము కనబడును. రక్తమాంసములు పంచుకొని సహోదరుడైనవాడు విడిపించెనని హెబ్రీ పత్రిక 2వ అధ్యాయము చెప్పుట బంధుధర్మమునకు సన్నిహితమైనది.

5. ఆలయము కూలిన పిదప

సామాన్యశకము 70వ సంవత్సరమున రోమను సేనలు యెరూషలేము ఆలయమును నాశనము చేసెను. బలిపీఠము లేదు. అప్పుడు రెండు సమాజములును ఒకే ప్రశ్నను ఎదుర్కొనెను. ప్రాయశ్చిత్తమెట్లు? క్రైస్తవులు అది క్రీస్తునందు ముగిసినదనిరి. యూదుల ఉత్తరమును యోహానాన్ బెన్ జక్కాయి పేర నిలిచిన వృత్తాంతము తెలుపును. ఆలయ శిథిలములను చూచి యెహోషువ విలపింపగా, దానికి సమానమైన ప్రాయశ్చిత్తము దయాకార్యములని గురువు హోషేయ ప్రవక్తను తలంచి ఓదార్చెనట. ప్రార్థన, దానము, 'తెషువా' అనునవి ఆ స్థానమును గైకొనినవి. తెషువా యనగా మరలుట, తిరిగివచ్చుట. గ్రీకు 'మెతనోయా'కు సరియైన తెలుగు 'మారుమనస్సు' చిత్తమునందలి మార్పును తెలుపును. తెషువా కాళ్లు తిరిగిన దిక్కును తెలుపును. సుమారు 200 నాటి మిష్నాలో మరియొక నియమమున్నది. దేవుని యెడల చేసిన తప్పులకే ప్రాయశ్చిత్తార్థ దినము పనిచేయును. పొరుగువానియెడల చేసిన తప్పునకు, అతనిని సమాధానపరచువరకు అది పనిచేయదు.

అట్లని యూదమతమున బలిభావము అంతరించెననరాదు. నిత్యప్రార్థనల వేళలు పూర్వపు బలుల వేళలతో ముడిపడియున్నవి. బలులు ఆనాటి జనుల అలవాటును బట్టి దేవుడు అనుమతించినవని 12వ శతాబ్దిలో మైమోనిడీసు చెప్పగా, తరువాతి శతాబ్దిలో నహ్మానిడీసు దానిని ఖండించెను. బలి తెచ్చినవాడు ఆ పశువునకు జరిగినది న్యాయముగ తనకే జరుగవలసినదని, దేవుని దయచే దీనికి మారు లభించెనని తలంపవలెనని అతడు వ్రాసెను. కనుక ఒకనికి మారుగా మరియొకటి యను భావము క్రైస్తవులదే యనుట సరికాదు. భేదమెచటనన, ఆ మారు ఒక మనుష్యుడై, ఒక్కసారియై, సర్వలోకమునకై యుండుటను యూదులు అంగీకరింపలేదు.

6. ముగింపు

ఈ తారతమ్యము తెలుగువారికి పుస్తకములలోని విషయము మాత్రమే కాదు. గుంటూరు ప్రాంతమున చేబ్రోలుకు సమీపమునగల కొత్తరెడ్డిపాలెమున కొన్ని మాదిగ కుటుంబములు క్రైస్తవ సంఘమునుండి వెడలి, తాము ఎఫ్రాయీము గోత్రమువారమని ప్రకటించి, 1991లో యూద ప్రార్థనామందిరమును స్థాపించుకొనిరి. వీరిని బెనె ఎఫ్రాయీములందురు. వీరిని గూర్చి యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ చేసిన పరిశోధన 2013లో గ్రంథరూపమున వెలువడినది. వీరి వంశవాదమును నిర్ణయించుట మా పని కాదు. కాని క్రైస్తవ కుటుంబమున తెలుగు బైబిలుతో పెరిగినవారు అదే లేవీయకాండమును తెరచి వేరొక విశ్వాసముతో చదువవలసివచ్చినపుడు, పాపపరిహారార్థబలి, విమోచకుడు అను మాటలు ఏ యర్థమున నిలుచునను ప్రశ్న వారికి జీవితప్రశ్న.

మన ఉపాధ్యాయులకును పరిశోధక విద్యార్థులకును మేము విన్నవించునది ఇంతే. 'బలి' అని కనబడినచోట అది సమీపించుటయా, శుద్ధియా, భోజనమా, ప్రాణదానమా అని విచారింపవలెను. 'ప్రాయశ్చిత్తము' అని కనబడినచోట కర్త యెవరో చూడవలెను. 'విమోచనము' అని కనబడినచోట కట్టు విప్పినవాడు వర్తకుడా, బంధువా, రాజా అని అడుగవలెను. ఇట్లు అడుగనిచో యూదమతము క్రైస్తవమునకు అసంపూర్ణమైన పీఠికగా తోచును. క్రైస్తవము కోపించిన దేవతకు రక్తము చూపు జాతరగా తోచును. రెంటికిని అన్యాయమే. విశాఖపట్టణమున ఆనందరాయరు, డెస్ గ్రాంజెస్ ఒక్కొక్క మాటను వెదకి కూర్చిన శ్రమకు తగిన గౌరవము, ఆ మాటల వెనుకనున్న భేదములను మనము తిరిగి వెదకుటయే.

ఈ విచారణ మన సొంత వాడుకకును వర్తించును. ఉక్కునగరపు 32 మందిని బలిదానము చేసినవారనునపుడు, వారు తామై ఇచ్చినదెంత, వారినుండి తీసికొనబడినదెంత యని అడుగుట వారికి అగౌరవము కాదు. పొరుగువానికి చెల్లింపవలసినది చెల్లించిన పిమ్మటనే బలి తెమ్మన్న పాత ధర్మశాస్త్రము ఆ ప్రశ్నను ఏనాడో అడిగినది.